ఫ్లోరైడ్ నీళ్లకు ఆర్వోనా, అల్యూమినా ఫిల్టరా?

కనిగిరి, పామూరు, పొదిలి వైపు నుంచి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఫ్లోరైడ్ సంగతి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి 1937లో తొలి నివేదిక వచ్చింది ఈ నేల మీదనే. అప్పట్లో ఈ ఊళ్లన్నీ నెల్లూరు జిల్లాలో ఉండేవి. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

అల్యూమినా ఫిల్టర్ నాకు ఇష్టమైన పద్ధతే. కరెంటు అక్కర్లేదు, నీళ్లు వృథా కావు, నీళ్లలో ఉన్న కాల్షియం పోదు. లోపల నింపిన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గింజల్లోని సన్నటి రంధ్రాల్లో ఫ్లోరైడ్ అతుక్కుంటుంది, అంతే. చిక్కల్లా ఆ గింజలు నిండిపోయాకే. ఫ్లోరైడ్ అలాగే దిగి గ్లాసులోకి వస్తుంది. రంగు మారదు, వాసన రాదు, రుచిలో తేడా తెలియదు. నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్ పెట్టినా పట్టుకోలేదు. పైగా మన బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ కాబట్టి గింజలు కంపెనీ చెప్పిన దానికంటే ముందే చేతులెత్తేయొచ్చు. వాటిని కాస్టిక్ సోడాతో, తర్వాత యాసిడ్‌తో కడిగి మళ్లీ వాడుకోవచ్చు గానీ, అది పిల్లలు తిరిగే ఇంట్లో చేసే పని కాదు.

నా దృష్టిలో తేల్చేది ఇదొక్కటే: ఫిల్టర్ పని ఆగిపోయిందని మనకెలా తెలుస్తుంది?

ఆర్వో ఇక్కడ గెలుస్తుంది. టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు, నిజమే. కానీ ఆర్వోలో ఉప్పుల్ని ఆపే సన్నటి పొర, అంటే మెంబ్రేన్, దెబ్బతింటే ఉప్పులన్నీ కలిసే దాటుతాయి. ఫిట్ చేసిన రోజు 80 చూపించిన రీడింగ్ అదే బోరు నీళ్లకు 200 దాటిందంటే ఫ్లోరైడ్ కూడా పెరిగినట్టే అనుకోవాలి. మెంబ్రేన్ బాగుంటే ఫ్లోరైడ్‌లో 90 శాతం దాకా ఆగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నీళ్లు 0.4కి వస్తాయి. మన దేశ ప్రమాణం 1, వేరే దారి లేకపోతే 1.5 వరకు.

ఒక్క జాగ్రత్త. "నీళ్లు చప్పగా ఉన్నాయి" అనగానే మెకానిక్ టీడీఎస్ కంట్రోలర్ తిప్పేస్తాడు. అది చేసే పనల్లా పచ్చి బోరు నీళ్లను శుద్ధి చేసిన నీళ్లలో కలపడం. మన వైపు దాన్ని పూర్తిగా మూసే ఉంచండి. పోయిన కాల్షియం పాలు, పెరుగు, రాగుల నుంచి తెచ్చుకోవచ్చు. ఆర్వో వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. ఇల్లు తుడవడానికి వాడండి గానీ గేదెల తొట్టిలో పోయకండి.

రోజూ పటిక, సున్నం కొలిచి వేసే నల్గొండ పద్ధతి ఇంటి వరకు నడవదు. యూవీ ఫిల్టర్ క్రిములకే. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాన్ నీళ్లంటే ఆ ప్లాంటు వాడి మీద నమ్మకమే.

ఊరంతటికీ ఒకే ప్లాంటు, చూసుకోవడానికి మనిషి, క్రమం తప్పకుండా ల్యాబ్ పరీక్ష ఉంటే మాత్రం నేను అల్యూమినాకే ఓటేస్తాను. సాగర్ నీళ్లు కుళాయికి సరిగ్గా వచ్చే ఊళ్లలో ఈ రెండూ అక్కర్లేదు. ఏది కొనాలన్నా ముందు బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ల ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్‌కు పంపి ఫ్లోరైడ్ ఎంతుందో రాయించుకోండి. తాగడానికి తియ్యగా, పప్పు బాగా ఉడికే నీళ్లని ధీమా వద్దు: కాల్షియం తక్కువున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది.