ప్రాగా, బుడాపెస్టా? బెర్లిన్ నుంచి ఇద్దరికి తక్కువ ఖర్చులో ఒక వీకెండ్

బెర్లిన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. "అక్కా, నేనూ నా ఫ్రెండూ కలిసి శని, ఆదివారాలు ఎక్కడికైనా వెళ్లొద్దామనుకుంటున్నాం. చేతిలో తలా నూటయాభై యూరోలు ఉన్నాయి. ప్రాగ్ వెళ్లమంటావా, బుడాపెస్ట్ వెళ్లమంటావా?"

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్, హంగరీ రాజధాని బుడాపెస్ట్, ఈ రెండు ఊళ్లూ నేను ఒకే స్నేహితురాలితో చూశాను. తనది గుంటూరు, నాది వరంగల్. మార్చిలో ప్రాగ్ వెళ్లాం, అదే ఏడాది నవంబరులో బుడాపెస్ట్ వెళ్లాం. రెండుసార్లూ పర్సు పట్టుకుని ఆచితూచి తిరిగినవాళ్లమే. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఏ ఊరు చవక అని వెతికే ముందు, మీకున్న రెండు రోజుల్లో ఎన్ని గంటలు ఊళ్లో ఉంటారో, ఎన్ని గంటలు దారిలో పోతాయో లెక్క వేసుకోండి. నా మటుకు నాకు, సగం నిర్ణయం అక్కడే తేలిపోయింది.

బెర్లిన్ నుంచి ప్రాగ్‌కి నేరుగా రైలుంది. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. శుక్రవారం క్లాసో ఆఫీసో అయ్యాక బయల్దేరితే పడుకునే వేళకు చేరతాం. శనివారం పొద్దున నిద్రలేచేసరికే ప్రాగ్‌లో ఉంటాం. డ్రెస్డెన్ దాటాక రైలు ఎల్బే నది ఒడ్డు వెంటే పోతుంది. ఒకవైపు నది, పైన ఇసుకరాతి కొండలు. వెళ్లేటప్పుడు చీకటి పడినా, తిరుగు రైలు పగటిపూటది పెట్టుకుంటే ఆ దారంతా కళ్లారా చూడొచ్చు. టికెట్ ముందుగా తీసుకోండి. జర్మన్ రైల్వే సైట్‌తో పాటు చెక్ రైల్వే సైట్‌లో కూడా చూడండి, చాలాసార్లు అక్కడే తక్కువకు దొరుకుతుంది. డాయిష్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లలో తిరిగే నెలవారీ పాస్) ఉన్నవాళ్లు ప్రాంతీయ రైళ్లలో డ్రెస్డెన్ దాకా వచ్చి, అక్కడి నుంచి మాత్రమే టికెట్ కొనుక్కునే దారి కూడా ఉంది. కాకపోతే గంటా రెండు గంటలు ఎక్కువ పడుతుంది.

బుడాపెస్ట్‌కి వెళ్లే పగటి రైలు కూడా ఈ ప్రాగ్ మీదుగానే పోతుంది. మొత్తం దాదాపు 11 గంటలు. అందుకని మేం డబ్బు మిగులుతుందని రాత్రి బస్సు ఎక్కాం. బస్సు రెండు గంటలకు పైగా ఆలస్యంగా చేరింది. రాత్రంతా మెడలు వాల్చి కూర్చున్నాం. దిగాక హాస్టల్లో గది ఇచ్చే వేళ కాలేదు. శనివారం మధ్యాహ్నం దాకా ఆ హాస్టల్ సోఫాలోనే కునికిపాట్లు పడ్డాం. విమానం టికెట్‌తో పోలిస్తే తలా ముప్ఫై యూరోలు మిగిలాయి, ఒక పూట పోయింది. ఇప్పుడైతే ఆ ముప్ఫై యూరోలు పెట్టేస్తాను.

విమానంలో గంటన్నరే. కానీ చవక టికెట్ అంటే సీటు కింద పట్టే చిన్న సంచీ మాత్రమే అని గుర్తుంచుకోవాలి. ఇంకో సంగతి, కొన్ని చవక విమాన సంస్థలు మనలాంటి యూరప్ పాస్‌పోర్ట్ లేనివాళ్ల కాగితాలను కౌంటర్‌లో చూసిన తర్వాతే లోపలికి పంపుతాయి. ఫోన్‌లో బోర్డింగ్ పాస్ ఉంది కదా అని ఆఖరి నిమిషంలో వెళితే టెన్షన్ తప్పదు.

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. చెక్ రిపబ్లిక్, హంగరీ రెండూ ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలే. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే వేరే వీసా అక్కర్లేదు. అయితే పాస్‌పోర్ట్, పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్స్ దగ్గర ఉండాలి. 2023 అక్టోబరు నుంచి జర్మనీ తన చెక్, పోలండ్ సరిహద్దుల్లో తనిఖీలు పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు పోలీసులు రైలు ఎక్కి అడుగుతారు. పర్మిట్ పొడిగింపు కోసం ఎదురుచూస్తూ, చేతిలో తాత్కాలిక కాగితం మాత్రమే ఉన్నవాళ్లు, దాని మీద జర్మనీ బయటికి వెళ్లి రావచ్చో లేదో పర్మిట్ ఇచ్చే ఆఫీసులో కనుక్కున్నాకే టికెట్ కొనాలి. ఆ కాగితాలన్నీ ఒక్క రకం కావు.

ఇక ఊళ్లోకి వద్దాం. డబ్బు పెట్టకుండా చూడగలిగినవి ప్రాగ్‌లో ఎక్కువ, పైగా అన్నీ నడక దూరంలోనే. 1357లో నాలుగో చార్లెస్ కాలంలో మొదలుపెట్టిన చార్లెస్ వంతెన మీద పగలు కాలు పెట్టే చోటుండదు. మేం పొద్దున ఆరున్నరకే వెళ్లాం. రెండు వైపులా రాతి విగ్రహాలు, కింద వల్తావా నది మీద పొగమంచు, వంతెన మీద పట్టుమని పదిమంది లేరు. మా స్నేహితురాలు చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, "ఏమే, దీనికి టికెట్ లేదంటే నమ్మబుద్ధి కావట్లేదు" అంది. అక్కడి నుంచి కోటకు ఎక్కాం. కోట ఆవరణలోకి ప్రవేశం ఉచితం. సెయింట్ వీటస్ చర్చి లోపల ముందు భాగం వరకు ఊరికే చూడొచ్చు, అంతా తిరగాలంటే టికెట్ కొనాలి. సాయంత్రం లెత్నా పార్కు నుంచి నది మీద వంతెనలు వరసగా కనిపిస్తాయి. మాకు అన్నిటికన్నా నచ్చింది విషెహ్రాద్ కోట. జనం తక్కువ, ద్వోరాక్, స్మెతానా లాంటి సంగీతకారుల సమాధులు అక్కడే ఉన్నాయి. పాత ఊరి చౌరస్తాలో 1410 నాటి ఖగోళ గడియారం ముందు గంట గంటకూ గుంపు చేరుతుంది. ఒకసారి చూసి ముందుకు సాగితే చాలు.

బుడాపెస్ట్ అందం పరుచుకుని ఉంటుంది. డాన్యూబ్ చాలా వెడల్పు నది. ఒక ఒడ్డున బుడా కొండ, ఎదుటి ఒడ్డున పెస్ట్. నడిచి తిరగాలంటే కాళ్లు పడిపోతాయి, కాబట్టి రోజు పాస్ తీసుకోవాల్సిందే. ఆ పాస్‌తో 2వ నంబరు ట్రామ్ ఎక్కితే నది ఒడ్డున పార్లమెంట్ పక్క నుంచి తీసుకెళుతుంది. 1896లో మొదలైన 1వ మెట్రో లైన్ కూడా అదే పాస్‌తో ఎక్కొచ్చు, యూరప్ ప్రధాన భూభాగంలో అదే మొట్టమొదటి భూగర్భ మెట్రో. చీకటి పడ్డాక బుడా ఒడ్డున నిలబడి దీపాల వెలుగులో పార్లమెంట్‌ని చూస్తే, ప్రాగ్‌లో ఇలాంటిది లేదని ఒప్పుకోవాలి. ఇక్కడ మనసు నిజంగా బుడాపెస్ట్ వైపే మొగ్గుతుంది.

వేడినీటి స్నానాల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే బుడాపెస్ట్ బడ్జెట్‌లో పెద్ద ఖర్చు అదే. 1913లో తెరిచిన సేచెన్యి స్నానశాలకు వీకెండ్‌లో టికెట్ ధర ఇంకా ఎక్కువ. మేం తటపటాయించి ఆఖరికి వెళ్లాం. బయట నవంబరు చలి, భూగర్భం నుంచి వచ్చే నీళ్లు 38 డిగ్రీల దాకా వెచ్చగా, పైన ఆవిరి. బస్సులో పట్టేసిన మెడలు అక్కడ వదిలాయి. అది మానేసి డబ్బు మిగుల్చుకునేట్టయితే బుడాపెస్ట్ దాకా వెళ్లడం ఎందుకు అనిపిస్తుంది నాకు. తువ్వాలు, చెప్పులు, ఈత దుస్తులు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

తిండి దగ్గర రెండింటికీ పెద్ద తేడా లేదు. మొదటి పూటకు మేం పులిహోర కట్టుకెళ్లాం, రెండుసార్లూ అదే ఆదుకుంది. ప్రాగ్ భోజనంలో పంది మాంసం ఎక్కువ, మా స్నేహితురాలు శాకాహారి. అక్కడ ధాబా బియాస్ అని శాకాహార భోజనశాలలున్నాయి. పళ్లెంలో మనమే వడ్డించుకుంటాం, తూకం వేసి డబ్బు తీసుకుంటారు. అన్నం, పప్పు కడుపునిండా తిన్నాం. బుడాపెస్ట్‌లో లాంగోష్ అని నూనెలో వేయించిన రొట్టె, పైన మీగడ, చీజ్. ఒకటి తింటే ఒక పూట గడుస్తుంది. ఫోజెలేక్ అనే చిక్కటి కూర కూడా ఉంటుంది. మసూర్ లాంటి పప్పుతో చేసింది మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టంలా అనిపించింది. అందులో మాంసం వేయలేదు కదా అని అడిగి తీసుకోవాలి. 1897 నాటి పెద్ద మార్కెట్‌లో దండలుగా గుచ్చి వేలాడదీసిన ఎండుమిరపకాయలు చూడగానే మా గుంటూరు అమ్మాయి పరుగున వెళ్లింది. చాలావరకు కారం తక్కువ రకాలే. రంగు మాత్రం మన మిర్చి యార్డుకు తీసిపోదు.

రెండు చోట్లా యూరో కాదు, ప్రాగ్‌లో కొరునా, బుడాపెస్ట్‌లో ఫోరింట్. కార్డు మిషన్ "యూరోల్లోనా, ఇక్కడి డబ్బులోనా" అని అడిగితే ఎప్పుడూ ఇక్కడి డబ్బు అనే నొక్కండి. వీధిలో నోట్లు మారుస్తామని వచ్చేవాళ్ల దగ్గర అస్సలు మార్చొద్దు. ప్రాగ్‌లో కాగితం టికెట్‌ను మిషన్‌లో పెట్టి ముద్ర వేయకపోతే టికెట్ కొన్నా జరిమానా పడుతుంది.

పోలండ్‌లోని క్రాకోవ్ గురించి కూడా అడుగుతుంటారు. బార్ మ్లెచ్నీ అనే క్యాంటీన్లలో కడుపునిండా తిని కూడా తక్కువ ఖర్చుతో బయటపడొచ్చు. కానీ బెర్లిన్ నుంచి రైల్లో దాదాపు ఏడు గంటలు. పైగా అక్కడికి వెళ్లినవాళ్లు నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్ చూడకుండా రాలేరు, దానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వాలి. ఆ రోజు తర్వాత సరదాగా తిరిగే మనసు ఉండదు. రెండు రోజుల సరదా ప్రయాణంలో దాన్ని ఇరికించొద్దని నా మాట.

స్నేహితురాలితో వెళ్లేటప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. నాకు నడక ఇష్టం, తనకు మధ్యాహ్నం ఒక గంట కూర్చోకపోతే చిరాకు. ప్రాగ్‌లో అన్నీ దగ్గర కాబట్టి నేను తిరిగొచ్చేదాకా తను నది ఒడ్డున కూర్చుంది, గొడవ రాలేదు. బుడాపెస్ట్‌లో నిద్రలేక, దూరాలు ఎక్కువై, శనివారం సాయంత్రం ఇద్దరం చిన్న మాటకే మొహాలు ముడుచుకున్నాం. మర్నాడు ఆ వేడినీళ్లలో మళ్లీ మాటలు కలిశాయి.

కాబట్టి శుక్రవారం రాత్రి వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగి రావాలంటే, ఏ అనుమానం లేకుండా ప్రాగ్. మాకు రైలు, రెండు రాత్రుల హాస్టల్, తిండి అన్నీ కలిపి తలా 130 యూరోలయింది. సోమవారం కూడా సెలవు దొరికి, విమానం టికెట్ చవకగా వస్తే బుడాపెస్ట్. నూటయాభైకి ఇంకో నలభై, యాభై పక్కన పెట్టుకోండి. ఈస్టర్‌కి శుక్రవారం, సోమవారం రెండూ సెలవే. మేం ఈసారి అప్పుడే వెళ్తున్నాం. విమానంలో వెళ్లి, ఒట్టోమన్ల కాలంలో కట్టిన రుదాష్ స్నానశాల చూడాలని ఇద్దరం అనుకున్నాం.