ఖర్జూరంతో వీగన్ హేజెల్‌నట్ ట్రఫుల్స్: ఏళ్ల తరబడి చేశాక నా అభిప్రాయం

పాలు, క్రీమ్ లేకుండా ఖర్జూరం, హేజెల్‌నట్స్, కోకోతో చేసే ఈ ట్రఫుల్స్ (చాక్లెట్ ఉండలు) గురించి రెండు మాటలు బాగా ప్రచారంలో ఉన్నాయి. పది నిమిషాల్లో అయిపోతాయని ఒకటి, ఎన్ని తిన్నా ఫర్వాలేదని ఇంకొకటి. రెండూ నమ్మకండి. అయినా కొన్నేళ్లుగా మా ఫ్రీజర్‌లో వీటి డబ్బా ఖాళీ అవడం, మళ్లీ నిండడం జరుగుతూనే ఉంది.

నేను చివరికి ఖాయం చేసుకున్న కొలత ఇది: హేజెల్‌నట్స్ 150 గ్రాములు, గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 150 గ్రాములు, కోకో పొడి 30 గ్రాములు, పావు చెంచా ఉప్పు, పైపూతకు 70 శాతం డార్క్ చాక్లెట్ 100 గ్రాములు. ఇరవై ట్రఫుల్స్ వస్తాయి. ఉప్పు మాత్రం మానేయొద్దు. అది లేకపోతే నోట్లో ఖర్జూరం తీపి తప్ప ఇంకేమీ తెలియదు.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి. పై లెక్కన ఒక్కో ట్రఫుల్‌కి సుమారు 100 కేలరీలు పడతాయి. అదే బరువున్న క్రీమ్ ట్రఫుల్‌లోనూ దాదాపు అంతే ఉంటాయి. కాబట్టి బరువు తగ్గడానికి ఇది దారి కాదు. చక్కెర కూడా ఒక్కోదానిలో ఆరేడు గ్రాములు ఉంటుంది. ఖర్జూరం నుంచి వచ్చినా చక్కెర చక్కెరే, షుగర్ ఉన్నవాళ్లు లెక్కలో వేసుకోవాల్సిందే. మరి లాభం ఎక్కడ? పీచు ఒక్కోదానికి రెండు గ్రాములకు పైనే వస్తుంది. కొవ్వులో పెద్ద భాగం హేజెల్‌నట్‌దే, అందులో ఎక్కువగా ఉండేది ఒలీయిక్ ఆమ్లం, అంటే ఆలివ్ నూనెలో ఉండే మంచి కొవ్వే. విటమిన్ ఇ కూడా బాగానే ఉంటుంది. వీటన్నిటికంటే నాకు అనుభవంలో తెలిసిన తేడా ఒకటుంది. రెండు తింటే చాలనిపిస్తుంది, మూడోదాని మీదికి చెయ్యి పోదు. క్రీమ్‌వి తిన్నప్పుడు నాకు ఆ అదుపు ఎప్పుడూ ఉండేది కాదు.

రుచి అంతా వేయించడంలోనే ఉంది. పచ్చి హేజెల్‌నట్‌కి పెద్ద రుచి ఉండదు, పైపొట్టు వగరు. ఓవెన్‌ని 165 డిగ్రీల్లో పెట్టి, గింజలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు వేయిస్తాను. పొట్టు రంగు చూసి దించితే లాభం లేదు, అది ముందునుంచీ గోధుమరంగే. ఒక గింజ తీసి రెండుగా చీల్చి చూడాలి. లోపల తెల్లగా ఉంటే ఇంకా టైమ్ ఉంది. నడిమి దాకా లేత బంగారు రంగు తిరిగితే వెంటనే ట్రే మార్చెయ్యాలి, ఎందుకంటే ఆ వేడి ట్రేలోనే ఉంచితే ఇంకో రెండు మూడు నిమిషాల్లో చేదెక్కుతాయి. పొయ్యి మీద మూకుడులో కూడా వేయించవచ్చు గానీ, సన్నని సెగ మీద ఎంత కలిపినా బయట మాడి లోపల పచ్చిగా ఉండే గింజలు కొన్ని తప్పవు.

వేడి మీదే గరుకు గుడ్డలో మూటకట్టి గట్టిగా రుద్దితే పొట్టు చాలావరకు ఊడిపోతుంది. అక్కడక్కడా అంటుకుని ఉన్నది వదిలేయండి, దాని కోసం గోళ్లు అరగదీసుకోనక్కర్లేదు. మొత్తం పోవాల్సిందే అనుకునేవాళ్లు బేకింగ్ సోడా వేసిన నీళ్లలో మూడు నిమిషాలు ఉడికిస్తారు. నీళ్లు నల్లబడతాయి, చల్లటి నీళ్లలోకి వేస్తే పొట్టు వేళ్లతోనే జారిపోతుంది. గింజ తెల్లగా, అందంగా ఉంటుంది. కానీ తడిసిన గింజను మళ్లీ ఆరబెట్టి వేయించేసరికి పొద్దుపోతుంది, వాసన కూడా ఒక మెట్టు తగ్గుతుంది. నేను ఆ పద్ధతి మానేశాను.

గింజలు చల్లారాక గుప్పెడు తీసి విడిగా బరకగా దంచి పెట్టుకుంటాను. మిగతావి మిక్సీలో, జార్ వేడెక్కకుండా ఆపి ఆపి, ముద్దలా అయ్యేవరకు తిప్పుతాను. తర్వాత ఖర్జూరం, కోకో, ఉప్పు. ఇక్కడ అతిగా తిప్పితే నూనె పైకి తేలుతుంది, ఉండ చేస్తుంటే అరచేయి జిడ్డుతో మెరుస్తుంది. అప్పుడు ఒక చెంచా వేడినీళ్లు పోసి చేత్తో కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. ఎండిన ఖర్జూరమైతే పది నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి బాగా వడకట్టాలి. నీళ్లు ఎక్కువైతే ఉండ నిలవదు, నిల్వ కూడా ఉండదు. దంచి పెట్టుకున్న గింజలు చివర్లో. పంటి కింద అవి తగలకపోతే అంతా ఒకే మెత్తదనం, విసుగు.

కోకో విషయంలో నా ఓటు మామూలు పొడికే. క్షారంతో శుద్ధి చేసిన నల్లటి కోకో చూడడానికి బాగుంటుంది గానీ, ఆ ప్రక్రియలో ఫ్లేవనాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు చాలావరకు పోతాయి. పైగా మామూలు పొడిలో ఉండే కాస్త పులుపు ఖర్జూరం తీపిని విరుస్తుంది.

పైపూత దగ్గరే నిజంగా టెన్షన్. చాక్లెట్ ఊరికే కరిగించి ముంచితే మర్నాటికి పైన బూడిదరంగు చారలు వస్తాయి. తింటే ఏమీ కాదు, కానీ చూడబుద్ధి కాదు. 45 డిగ్రీల పైన కరిగించి, 28కి చల్లార్చి, మళ్లీ 31, 32 మధ్యకి తెస్తే పూత మెరుస్తుంది, కొరికితే టక్కుమంటుంది. థర్మామీటర్ లేకపోతే మూడింట రెండొంతులు కరిగించి, మిగిలిన వంతు ముక్కలుగా వేసి అవి కరిగేదాకా కలుపుతూ చల్లార్చడం రెండో దారి. గిన్నెలో ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ గడ్డకట్టి ఇసకలా అవుతుంది. ఉండలు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే ముంచితే, లోపలిది వేడెక్కి ఉబ్బి పూత పగులుతుంది. కొబ్బరినూనె కలిపితే పని తేలికే, కానీ అది 24 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ట్రఫుల్ పట్టుకుంటే వేళ్లకు అంటుతుంది. ఓపిక లేని రోజు నేను కోకో పొడిలో దొర్లించి ఊరుకుంటాను, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

వేరే రకాలూ చేసి చూశాను. కొబ్బరిపాలతో చేసింది పట్టులా ఉంటుంది, కానీ ఫ్రిజ్‌లో వారం మించి నమ్మను. అవకాడోతో చేసింది ఒకసారి తినదగ్గదే, మళ్లీ అడగాలనిపించేది కాదు. చక్కెర బదులు మాల్టిటాల్ అనే తీపి పదార్థం వేసిన షుగర్‌ఫ్రీ చాక్లెట్‌తో చేస్తే రుచికి లోటు లేదు, కడుపు మాత్రం ఉబ్బరించింది. అన్నిటికంటే రుచైనది ఖర్జూరం మానేసి, హేజెల్‌నట్ ముద్దను సమానంగా కరిగించిన డార్క్ చాక్లెట్‌తో కలిపి చేసింది. నిజం చెప్పాలంటే అదే అసలైన ట్రఫుల్. కేలరీలు మాత్రం ఇంకా ఎక్కువ. పండగలాంటి రోజులకు అది, రోజువారీకి ఖర్జూరంది.

డార్క్ అని ఉన్నంత మాత్రాన చాక్లెట్ వీగన్ కాదు. పాలకొవ్వు, పాలపొడి, వే (whey, పాలు విరిగినప్పుడు వచ్చే తేట) ఉన్నాయేమో లేబుల్ మీద చూడండి. కోకో బటర్ చూసి మాత్రం భయపడక్కర్లేదు, అది కోకో గింజ కొవ్వే. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు వారాలు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు బాగుంటాయి. బయటికి తీశాక చల్లదనం తగ్గేదాకా మూత తెరవకండి, తేమ పట్టి పూత మీద మచ్చలు వస్తాయి. ఎవరికైనా ఇస్తే డబ్బా మీద హేజెల్‌నట్ ఉందని రాసి ఇస్తాను, దీని అలర్జీ కొందరికి ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో కుక్క ఉంటే డబ్బా పై అరలోనే ఉండాలి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ దానికి విషం.