నీలాన్ని తగ్గించి చూపిన కళ్లద్దాలు: తిరుపతిలో కొన్న ఒక జతపై నా అభిప్రాయం

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే నాకు నలభై ఆరో ఏట కలం మొన దగ్గర గీత చెదిరినట్టు కనిపించడం మొదలైంది. దాంతో తిరుపతి బస్టాండుకు దగ్గర్లోని ఒక కళ్లద్దాల దుకాణంలో పరీక్ష చేయించుకుని, 2,400 రూపాయలకు ఒక జత తీసుకున్నాను. మూడు నెలలు వాడి చూసిన మీదట ఇది రాస్తున్నాను.

పరీక్షకు వంక పెట్టడానికి లేదు. వయసుతో కంటిలోని కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువులకు తగినట్టు ఉబ్బలేకపోవడమే చత్వారం కనుక, ఏ దూరంలో పని చేస్తామన్నది తెలియకుండా పవర్ నిర్ణయించడం సరికాదు. అక్కడి అమ్మాయి ఆ దూరాన్ని అడిగి, టేపుతో కొలిచి మరీ +1.50 రాసింది, గీత ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఫ్రేము తేలిక, ముక్కు మీద ఒరుపు లేదు.

నా ఫిర్యాదంతా నీలి కాంతిని కొంత అడ్డుకునే ‘బ్లూ కట్’ పూత గురించే. ఊదారంగు టార్చిని అద్దం మీద వేసి, కాంతి అవతలికి పోవడం లేదని చూపించి అమ్మారు గానీ, నేను చేసే పని ఏమిటని ఎవరూ అడగలేదు. పసుపూ నీలిమందూ కలిసి ఆకుపచ్చ తేలాల్సిన ఒక ఆకు ఎంతకీ పసుపుగానే తోచడంతో రెండోసారి నీలి పూశాను. అద్దాలు తీసి వాకిట్లోకి తెచ్చి చూస్తే ఆకు ముదిరి నల్లబారి ఉంది. నీలిమందు ఒకసారి పట్టాక వదలదని ఈ పని తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

ఇంతకీ దుకాణంలో ఆ తేడా ఎందుకు తెలియలేదు? రంగును పసిగట్టేవి కంటి లోపలి వెనక పొర అయిన రెటీనాలోని మూడు రకాల శంకు కణాలు. వాటిలో 420 నానోమీటర్ల దాపు తరంగదైర్ఘ్యమున్న కాంతికి ఎక్కువగా స్పందించే నీలి రకం పదింట ఒక వంతుకు మించదు. లేత పసుపు అద్దం ఆ కాంతిలో కొంత కోసేస్తే, కన్నూ మెదడూ కలిసి కొద్ది నిమిషాల్లోనే సర్దుకుని తెల్లగోడను మళ్లీ తెల్లగానే చూపిస్తాయి. కానీ తెలుపును నిలబెట్టే ఆ సర్దుబాటు, అద్దం దగ్గరే ఆగిపోయిన కాంతిని వెనక్కి తేలేదు. పైగా వయసు నా కంటి కటకానికి ఇప్పటికే కొంత పసుపు పూసింది. దాని మీద వీరిది ఇంకో పూత.

కంప్యూటరు ముందు కూర్చునేవారికైనా ఈ పూత అవసరమా అన్నది సందేహమే. 17 ప్రయోగాలను పరిశీలించి 2023లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష, స్వల్పకాలంలో కంటి అలసట దీనివల్ల తగ్గకపోవచ్చని తేల్చింది.

ఫిర్యాదు చేస్తే వాదించకుండా, 700 రూపాయలు తీసుకుని పూత లేని అద్దాలు వేరే ఫ్రేములో బిగించి ఇచ్చారు; ఉచితంగా ఇచ్చి ఉంటే న్యాయంగా ఉండేది. రంగులతో పని చేసేవారు, అద్దకంవారైనా చీరల వ్యాపారులైనా, అక్కడ పరీక్ష నిశ్చింతగా చేయించుకోవచ్చు. అద్దం కొనేముందు మాత్రం దాన్ని ఒక తెల్ల కాగితం మీద సగం కప్పి, గుమ్మం బయటి పగటి వెలుతురులో రెండు సగాలనూ పక్కపక్కన చూసుకోవాలి. పాత జతను ఇప్పుడు కరెంటు బిల్లులు చదవడానికి వాడుకుంటున్నాను.