డిఫెండర్‌కు పనికొచ్చే కోచింగేనా? గచ్చిబౌలి వైపు ఒక ఫుట్‌బాల్ సెంటర్‌పై సమీక్ష

గచ్చిబౌలి వైపు టర్ఫ్ మైదానాల్లో నడిచే ఫుట్‌బాల్ కోచింగ్ సెంటర్లలో ఒకదానికి మా మేనల్లుడు రెండో ఏడాదిగా వెళ్తున్నాడు. పదహారేళ్ల కుర్రవాడు, సెంటర్ బ్యాక్‌గా, అంటే వెనక వరుస మధ్యలో నిలబడి గోల్‌ను కాపాడే డిఫెండర్‌గా ఆడతాడు. సీజన్ చివర నగరంలోని అకాడమీల లీగ్ ప్రకటించే ఉత్తమ పదకొండు మంది జాబితాలోను, ఆ తర్వాత రాష్ట్ర జూనియర్ జట్టులోను చోటు సంపాదించాలన్నది అతని కోరిక. ఆ కోరిక తీరడానికి ఈ సెంటర్ ఎంతవరకు ఉపయోగపడుతోందన్న ఒక్క కోణంలోనే ఈ సమీక్ష రాస్తున్నాను కాబట్టి, ఫార్వర్డ్‌గా ఆడే పిల్లల తల్లిదండ్రులకు ఇందులో కొన్ని మాటలు వర్తించకపోవచ్చు. పిల్లవాడు ఇంకా అక్కడే నేర్చుకుంటున్నాడు గనుక సెంటర్ పేరు రాయడం లేదు.

డిఫెండర్‌కు గుర్తింపు దొరకడం ఎక్కడైనా కష్టమే. ఏటా ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాలర్‌కంటూ 1956 నుంచి ఇస్తున్న బాలన్ డి ఓర్ బహుమతిని గెలుచుకున్న డిఫెండర్లుగా ముగ్గురి పేర్లే చెబుతారు: 1972లోను, 1976లోను బెకెన్‌బావర్, 1996లో సామర్, 2006లో కన్నవారో. పాతిక సీజన్ల పాటు ఇటలీ క్లబ్ ఏసీ మిలాన్ తరఫున ఆడిన డిఫెండర్ మాల్దీనీకి సైతం 1994లోను, 2003లోను మూడో స్థానమే దక్కింది. మన ఊరి సంగతి చూసినా అంతే. హైదరాబాదీ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో భారత జట్టు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిస్తే, ఆయనకు కోచ్‌గా ద్రోణాచార్య 1990లో వచ్చింది. ఆటగాడిగా అర్జున మాత్రం 1997లో గానీ రాలేదు. 2024 డిసెంబర్ 31న ఇదే గచ్చిబౌలిలో జరిగిన, రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్ 1-0తో కేరళను ఓడించినప్పుడు, చివరి నిమిషాల్లో గోల్ కొట్టిన రోబి హాన్‌స్డా పేరు మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చింది గానీ, కేరళకు ఒక్క గోల్ కూడా ఇవ్వని ఆ వెనక వరుస ఆటగాళ్ల పేర్లు ఒక్కటీ గుర్తు లేవు.

అయితే ఒక్కరికే ఇచ్చే బహుమతి వేరు, పదకొండు మంది జాబితా వేరు. జాబితా అన్నాక వెనక వరుసకు ముగ్గురో నలుగురో తప్పనిసరిగా కావాలి, ఆ చోట్ల కోసం ఫార్వర్డ్‌లతో పోటీ పడవలసిన పని లేదు. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన మన జట్టులో, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు పంపితే గోల్ కొట్టాడని అందరూ చెప్పుకుంటారు. కానీ అదే జర్నైల్ 1960ల మధ్యలో ఆసియా ఆల్‌స్టార్స్ జట్టుకు కెప్టెన్ అయింది డిఫెండర్‌గానే. అందుకే మావాడి ఆశ ఊరికే పెట్టుకున్నది కాదని నా నమ్మకం. ఎంపిక చేసేవారి కళ్లకు అతని పని కనిపించాలి, అంతే. ఏ కోచింగ్ సెంటర్‌నైనా ఒక డిఫెండర్ కోసం తూచవలసింది ఈ లెక్కనే.

ఇక శిక్షణ. ఈ సెంటర్‌లో వెనక వరుస పిల్లలకు విడిగా ఒక కోచ్ ఉన్నారు. నగరంలో నేను విచారించిన చోట్ల ఇది అరుదు. చాలాచోట్ల అందరినీ కలిపి డ్రిబ్లింగ్, షూటింగ్ చేయించి, చివర ఒక మ్యాచ్ ఆడించి పంపేస్తారు. ఇక్కడ సాయంత్రం మొదటి అరగంట ఒకరికొకరు ఎదురుగా ఆడే అభ్యాసమే. దూసుకువచ్చే కుర్రవాడి ముందు డిఫెండర్ నేరుగా నిలబడకూడదు. ఒక భుజం ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి, మోకాళ్లు వంచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరుగుతూ, ఎదుటివాణ్ణి గోల్ వైపు కాకుండా గీత పక్కకు నెట్టుకుపోవాలి. మొదట్లో మావాడు బంతి కదిలినప్పుడల్లా కాలు చాచేవాడు, దెబ్బతినేవాడు. కోచ్ అతని వెనక నిలబడి చొక్కా పట్టుకుని ఆపుతూ, ‘బంతిని చూడకురా, వాడి నడుము చూడు, నడుము అబద్ధం చెప్పదు’ అని ప్రతిసారీ అదే మాట చెప్పేవారు. ఇప్పుడు మావాడు కాలు చాచడం బాగా తగ్గింది. ఎదుటివాడు తనంతట తానే బంతిని కాస్త దూరంగా తన్నుకునే దాకా ఓపిక పడుతున్నాడు. చూసేవాళ్లకు ఇందులో ఏమీ జరగనట్టే ఉంటుంది గానీ, డిఫెండర్ విద్యలో సగం ఇదే.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ కోచ్ చేతిలోని గీతల పొడుగు పుస్తకం. మ్యాచ్ ఆడినప్పుడల్లా ఒక్కొక్క డిఫెండర్‌కు ఒక పేజీ కేటాయించి, పాస్‌ను ముందే పసిగట్టి అందుకున్నవి, గాలిలో గెలిచినవి, తప్పుగా ఇచ్చిన పాస్‌లు, పక్కవాణ్ణి పేరు పెట్టి పిలిచి చోటు సరిచేసిన సందర్భాలు అంటూ నాలుగు నిలువు గడుల్లో గీతలు పెడతారు. ఈ నాలుగో గడిని నేను మరెక్కడా చూడలేదు. నోరు తెరవని సెంటర్ బ్యాక్ ఎంత బలంగా ఉన్నా వరుసను నిలబెట్టలేడన్నది ఆయన అభిప్రాయం, దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. సహజంగా మితభాషి అయిన మావాడి పేజీల్లో ఆ గడి చాలాకాలం ఖాళీగా ఉండేది, ఈ వర్షాకాలం తర్వాతే నిండడం మొదలైంది. లీగ్ నిర్వాహకులు జాబితా కోసం కోచ్‌ల అభిప్రాయం అడిగినప్పుడు ఈ పుస్తకం తెరిచి చూపగలగడం డిఫెండర్‌కు ఎంతో మేలు. ఫార్వర్డ్‌కు స్కోరుబోర్డే సాక్ష్యం, వీళ్లకు రాసిపెట్టేవాళ్లు కావాలి.

లోపాలు తక్కువేమీ కావు. మొదటిది మైదానం. నిబంధనల ప్రకారం పూర్తి మైదానం పొడవు కనీసం 90 మీటర్లు. ఇక్కడ వారం పొడవునా ఆడేది అందులో సగం కూడా లేని, చుట్టూ వల కట్టిన టర్ఫ్ మీద. ఆఫ్‌సైడ్ (డిఫెండర్లను దాటి ముందే వెళ్లి నిలబడి పాస్ అందుకోకూడదన్న నిబంధన) లేకుండా ఏడుగురేసి ఆడే ఆటలో, వరుస అంతా ఒకేసారి పైకి జరగడం, వెనక మిగిలిన ఖాళీని కొలుచుకుంటూ పరుగెత్తడం నేర్చుకోవడం సాధ్యం కాదు. ఆదివారం ఉదయం ఒక పాఠశాల మైదానంలో పదకొండు మందితో ఆడిస్తామని చేరేటప్పుడు చెప్పారు, కానీ ఆ ఆట తరచుగా రద్దవుతోంది. ఈ కొరతను పూడ్చడానికే మావాణ్ణి సెలవు రోజుల్లో బార్కాస్ వైపు జరిగే మ్యాచ్‌లకు పంపుతున్నాం. అక్కడ ఫుట్‌బాల్ తరతరాలుగా వస్తున్న ఆట, పెద్దవాళ్లతో భుజం భుజం కలిపి ఆడవలసి వస్తుంది, మట్టి మైదానం మీద బంతి ఎటు ఎగురుతుందో తెలియదు. ఆ అనుభవం ఏ టర్ఫ్ మీదా దొరకదు.

రెండోది వీడియో సేవ. నెల ఫీజు మీద అదనంగా డబ్బు తీసుకుని మ్యాచ్ వీడియో, అందులోంచి ముఖ్యమైన ముక్కలు కత్తిరించి ఇస్తారు. ఆ కెమెరా మధ్య గీత దగ్గర ఉండి బంతి వెంటే తిరుగుతుంది. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నప్పుడు మావాడు ఎక్కడ నిలబడ్డాడో, ఎవరిని సర్దాడో, ఎదురుదాడి మొదలవగానే మొదటి రెండు అడుగులు ఎటు వేశాడో వీడియోలో ఉండదు. ఉండేవల్లా నేల మీద జారుతూ బంతిని లాక్కునే స్లైడింగ్ టాకిళ్లు, బంతిని దూరంగా తన్నేసే పొడుగు క్లియరెన్సులు. ఎంపిక చేసేవారికి ఈ ముక్కలు పంపితే, ఆఖరి క్షణంలో నేల మీద పడి ఆపేవాడు గొప్పగాను, ముందే సరైన చోట నిలబడి ఆ అవసరమే రానివ్వనివాడు మామూలుగాను కనబడతాడు. ఇది డిఫెండర్‌కు జరిగే అన్యాయం, డబ్బు చెల్లించి మరీ కొనుక్కోవలసింది కాదు.

ప్రకటన పత్రంలో రాష్ట్ర జట్టుకు ఎంపిక ఖాయమన్నట్టు రాయడం కూడా సరికాదు. జూనియర్ జాతీయ పోటీ అయిన బి.సి. రాయ్ ట్రోఫీకి జట్టును ఎంచేది రాష్ట్ర సంఘం. ఏ ప్రైవేటు సెంటర్‌కూ ఆ అధికారం లేదు.

మావాడి అవకాశాల గురించి నా అంచనా ఇదీ. లీగ్ ఉత్తమ పదకొండులో ఈ ఏడాదే చోటు దక్కే వీలుంది. గాలిలో బంతికి అతనికి ఎదురునిలిచేవాళ్లు ఆ వయసు పిల్లల్లో తక్కువ. రాష్ట్ర జట్టుకు మాత్రం ఇంకో ఏడాది పట్టవచ్చు, ఎందుకంటే పూర్తి మైదానంలో వెనక్కి తిరిగి పరుగెత్తేటప్పుడు మొదటి అడుగు ఇంకా నెమ్మదిగానే పడుతోంది. పార్శ్వంలో ఆడే డిఫెండర్లు త్వరగా కళ్లల్లో పడతారన్నది నిజమే. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీలో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన ఆకాశ్ మిశ్రా, 2022-23కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. అంతమాత్రాన మావాణ్ణి అటు మార్చమని సలహా ఇచ్చినవాళ్ల మాట నేను ఒప్పుకోలేదు. అతని ఎత్తు, నిదానం, ఇప్పుడిప్పుడే విచ్చుకుంటున్న గొంతు, మూడూ మధ్యలో నిలబడేవాడికి కావలసినవే.

పన్నెండు నుంచి పదహారేళ్ల లోపు డిఫెండర్‌ను ఈ సెంటర్‌లో నిస్సంకోచంగా చేర్చవచ్చు, వీడియో సేవ మాత్రం తీసుకోవద్దు. మెహదీపట్నం అవతలి నుంచి వచ్చేవాళ్లు సాయంత్రం ట్రాఫిక్‌ను లెక్కలో పెట్టుకుని ఉదయం బ్యాచ్ అడగడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రానికి కూడా టర్ఫ్ కాలుతూనే ఉంటుంది. చేర్చే ముందు, ఆదివారం మైదానం ఏ నెలల్లో ఖాయంగా దొరుకుతుందో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. నిర్వాహకులకు నేను ఇప్పటికే ఒక విన్నపం చేశాను: రెండో కెమెరాను గోల్ వెనక ఎత్తులో, కదలకుండా బిగించమని. మైదానం మొత్తం పట్టే ఆ ఒక్క చట్రంలో వెనక వరుస నలుగురూ ఆట పొడవునా కనబడతారు. వచ్చే లీగ్ మొదలయ్యేలోపు ఏర్పాటు చేస్తామన్నారు.