ఐండ్‌హోవెన్ నీటిమిల్లులు: దొమ్మెల్ వాగు వెంట ఓ శనివారం సైకిల్ యాత్ర

నెదర్లాండ్స్ దక్షిణాన ఉన్న ఐండ్‌హోవెన్‌లో, పక్కనే వెల్డ్‌హోవెన్‌లో చిప్ కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఆమ్‌స్టర్‌డామ్, తులిప్ తోటలు, గాలిమరలు చూపించి పంపేస్తాం. నా మాట విని ఒక శనివారం ఊరి చుట్టూ ఉన్న నీటిమిల్లులకు కేటాయించండి. ఎత్తుపల్లాలు లేని దారి. మొత్తం 35 కిలోమీటర్ల పైచిలుకు. అరవై దాటిన మా నాన్న ఎక్కడా ఆయాసపడకుండా తొక్కారు.

ఒక్క షరతు. మిల్లు తర్వాత మిల్లు ఫోటో దిగి వచ్చేద్దామనుకుంటే ఈ దారి రుచించదు. నీళ్ళు పోయే వైపే వెళ్ళాలి. దక్షిణం నుంచి వచ్చే దొమ్మెల్, దానిలో కలిసే టొంగెల్‌రేప్, తూర్పున పారే చిన్న దొమ్మెల్, మూడూ ఒకే నీటి కుటుంబం. వాటి దిశలోనే తొక్కితే మిల్లులు ఎందుకు అక్కడే కట్టారో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

స్టేషన్ నుంచి దక్షిణంగా ఓ పావుగంట తొక్కితే గెన్నెపర్ మిల్లు. టొంగెల్‌రేప్ దొమ్మెల్‌లో కలిసే చోటు దగ్గర్లోనే ఉంటుంది. ఇక్కడ మిల్లు ఉన్నట్టు 1249 నుంచే దాఖలా ఉంది. డచ్ చిత్రకారుడు వాన్ గో 1884 నవంబరులో దీన్ని రంగుల్లో వేశాడు. ఐండ్‌హోవెన్‌లో తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్న కెర్సెమాకర్స్ అప్పట్లో వెంట ఉండేవాడు.

మేం వెళ్ళేసరికి మిల్లు తిరుగుతోంది. ఈ మిల్లుల్ని ఎక్కువగా నడిపేది వాలంటీర్లు. అందుకే ఏ రోజు తెరుస్తారో ముందే కనుక్కుని బయల్దేరండి. లోపలికి అడుగు పెడితే నేల పాదాల కింద సన్నగా అదురుతుంది. పెద్ద చక్రపు ఇరుసు నుంచి తిరుగుడు పళ్ళచక్రాలకు, అక్కణ్ణుంచి పైన రాయికి అందుతుంది. ఆ పళ్ళు చెక్కవి, అరిగిపోకుండా తేనెమైనం రాస్తారు. మిల్లు నడిపే పెద్దాయన గొట్టం కింద చెయ్యిపెట్టి, జారుతున్న పిండిని బొటనవేలితో వేళ్ళ మీద రుద్ది చూసి, పై రాయిని వెంట్రుకవాసి దించారు. నాన్నా చెయ్యి పెట్టారు. గోరువెచ్చటి పిండి. ఆయన మొహంలో సంతోషం చూశాక, ఇంకే మిల్లూ చూడకుండా వెనక్కి తిరిగినా నాకు తృప్తే అనిపించింది.

ఐండ్‌హోవెన్ ఉన్న బ్రాబంట్ ప్రాంతం బల్లపరుపు నేల. నీళ్ళు పైనుంచి చక్రం మీద దూకే ఎత్తు ఎక్కడా లేదు. అందుకే వాగుకు అడ్డంగా తలుపులు దించి నీళ్ళను నిలబెడతారు. తలుపు ఎత్తగానే నీళ్ళు చక్రం అడుగు రెక్కల్ని తోసుకుంటూ పోతాయి. ఎంత ఎత్తు వరకు నిలపొచ్చో పూర్వం గుర్తు పెట్టి ఉంచేవారు. అది దాటితే ఎగువ గడ్డి భూములు మునిగి రైతులు తగాదాకొచ్చేవారు. ఈ సంగతి చెప్పగానే కోనసీమ కాలవల కింద వ్యవసాయం చేసిన మా నాన్న, “ఎగువోడికి ముంపు, దిగువోడికి ఎండు. కాలవ ఎక్కడైనా ఒకటేరా,” అన్నారు.

అక్కడ దొమ్మెల్‌ను ఊళ్ళోకి వదిలేసి తూర్పుకు మళ్ళాలి. కొల్సె మిల్లు చిన్న దొమ్మెల్ మీద, చెట్ల మధ్య ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. జనం తక్కువ, నీటి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. 1884 మేలో వాన్ గో వేసిన ఈ మిల్లు బొమ్మను స్హెర్టోగెన్‌బాస్ నగరంలోని నోర్డ్‌బ్రాబంట్స్ మ్యూజియం 2017లో కొనుక్కుంది. కొల్సె చక్రం దాటిన నీళ్ళు కూడా చివరికి ఆ నగరానికే చేరతాయి. వీలుంటే మర్నాడు రైల్లో వెళ్ళి బొమ్మ కూడా చూడండి.

వాగు వెంటే ఇంకాస్త ఉత్తరాన ఒప్‌వెట్టెన్ మిల్లు. ఇప్పుడున్న కట్టడం 1764 నాటిది. చక్రం వ్యాసం తొమ్మిది మీటర్లకు పైనే, పక్కన నిలబడితే మెడ పూర్తిగా వెనక్కి వంచాలి. ఒకప్పుడు ఇక్కడ ధాన్యంతో పాటు నూనెగింజలూ ఆడేవారు. నిలువు రాళ్ళు గుండ్రంగా తిరుగుతూ గింజల్ని నలిపే తీరు మన గానుగకు దూరపు చుట్టంలా ఉంటుంది. ఇప్పుడిది రెస్టారెంట్. వాగు పక్క బల్లల దగ్గర కాఫీ, ఆపిల్ టార్ట్‌తో కూర్చోవచ్చు. పూర్తి భోజనం ఇక్కడే చెయ్యాలని పట్టుబట్టకండి. శాకాహారులకు దారి పొడవునా దొరికేవి చీజ్, బ్రెడ్, సూప్, పాన్‌కేక్. ఇక్కడి వాళ్ళు ప్రాణం పెట్టే వోర్స్టెన్‌బ్రోజె రొట్టె లోపల మాంసం ఉంటుంది, అడిగి తీసుకోండి. అమ్మ కట్టిచ్చిన పులిహోర మాకు రెండు పూటలు గడిపింది.

కొల్సె, ఒప్‌వెట్టెన్‌ల మధ్యే చీకట్లో వెలిగే రాళ్ళు పొదిగిన సైకిల్ దారి కూడా ఉంది. వాన్ గో ‘నక్షత్రాల రాత్రి’ బొమ్మను తలపించేలా డచ్ కళాకారుడు డాన్ రోజెగార్డె రూపొందించగా 2014లో తెరిచారు. పొడవు 600 మీటర్ల దాకా ఉంటుంది. జూన్‌లో పది గంటలకు గానీ పొద్దు గుంకదు కాబట్టి, దీని కోసమైతే సెప్టెంబరు, అక్టోబరుల్లో రండి. సైకిల్ లైటు పక్కకు తిప్పి కళ్ళు చీకటికి అలవాటు పడనిస్తే వెలుగు మెల్లగా పైకి తేలుతుంది.

న్యూనెన్ గురించి ఎక్కువ చెప్పను. వాన్ గో 1883 డిసెంబరు నుంచి 1885 నవంబరు దాకా ఉన్న ఊరు. మ్యూజియం బాగుంది, రెండు గంటలు పడుతుంది. అక్కణ్ణుంచి నెడర్‌వెట్టెన్ మీదుగా హోయిడాంక్ మిల్లుకు వెళ్ళొచ్చు. రెండు దొమ్మెల్‌లూ కలిశాక వచ్చే మిల్లు కాబట్టి నీళ్ళు నిండుగా ఉంటాయి. పొద్దుపోతే దీన్ని వదిలెయ్యండి, గెన్నెపర్‌ను మాత్రం వదలకండి.

దారికి ఫోన్ మ్యాప్ అక్కర్లేదు. కూడళ్ళలో నంబర్ల బోర్డులుంటాయి, వరస రాసుకుని పోతే చాలు. అద్దె సైకిల్ విషయంలో మాత్రం జాగ్రత్త. మేం అద్దెకు తీసుకున్న చోట నాన్నకిచ్చినది పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడే రకం, ఆ మాట ముందు చెప్పలేదు. మొదటి మలుపులోనే పడబోయారు. హ్యాండిల్ బ్రేకులున్నది అడిగి తీసుకుని, వీధిలో నాలుగు చుట్లు తొక్కించి చూడండి. స్టేషన్లలో దొరికే రైల్వే అద్దె సైకిల్ ఓవీ-ఫీట్స్‌కు ఇక్కడి కార్డు కావాలి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకు అది కుదరదు.

బసకు ఊళ్ళో హోటల్ కంటే ‘ఫ్రీండెన్ ఒప్ డె ఫీట్స్’ మేలు. సభ్యత్వం తీసుకుంటే సైకిల్ మీదో, నడిచో వచ్చేవాళ్ళకు మామూలు కుటుంబాలే తక్కువ ధరకు గది, పొద్దున ఫలహారం ఇస్తాయి. మర్నాడు మాకు గది ఇచ్చిన ఆవిడ నాన్నకు బ్రెడ్ మీద వెన్న రాసి, చాక్లెట్ పలుకులు చల్లి తినడం నేర్పారు. అక్టోబరులో డచ్ డిజైన్ వీక్ ఉన్న రోజుల్లో ఐండ్‌హోవెన్ హోటళ్ళ జోలికి పోకండి, ధరలు మండిపోతాయి.

రెండో రోజు ఖాళీ ఉంటే దక్షిణాన వాల్కెన్స్‌వార్డ్ వైపు వెళ్ళండి. దొమ్మెల్ ఎగువన వెన్‌బెర్గెన్, డొమ్మెలెన్ మిల్లులున్నాయి. సొంత సైకిల్ రైల్లో తెచ్చుకునేవాళ్ళు దానికి విడిగా టికెట్ కొనాలి. పనిరోజుల్లో రద్దీ వేళల్లో సైకిల్ ఎక్కించనివ్వరు, మడత సైకిలైతే ఇబ్బంది లేదు.