ట్యాబ్లోలో రాడార్ చార్ట్: చాలాకాలం వాడాక

రాడార్ చార్ట్ అంటే ఒకే కేంద్రం నుంచి చుట్టూ చీలే అక్షాల మీద ఒక్కో కొలమానాన్ని చుక్కగా పెట్టి, వాటిని గీతతో కలిపే సాలెగూడు లాంటి బొమ్మ. ఎక్సెల్‌లో రెండు క్లిక్కులతో వచ్చే ఇది, డేటాని చార్టులుగా చూపే ట్యాబ్లో సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్‌గా లేదు, ఎక్స్‌టెన్షన్ పెట్టుకోకపోతే త్రికోణమితితో గీయించుకోవాలి. శ్రమ దండగేం కాదు. రంగులు, టూల్‌టిప్ (మౌస్ పెడితే కనిపించే చిన్న పెట్టె), ఫిల్టర్లు, క్లిక్ చేస్తే పక్క చార్ట్ మారడం అన్నీ మన చేతిలో ఉంటాయి. కాకపోతే బాగా ప్రచారంలో ఉన్న పద్ధతిలోనే ఓ గొయ్యి ఉంది.

ఆ పద్ధతిలో కొలమానాలను పివట్ చేసి (పక్కపక్క కాలమ్‌లలో ఉన్నవాటిని ఒక్కోదానికి ఒక్కో రోగా మార్చి), ఇండెక్స్ ఫంక్షన్ ఇచ్చే వరుస నంబర్ నుంచి కోణం లెక్కగడతారు. డెమో డేటాలో ముచ్చటగా వస్తుంది. అసలు డేటాలో 6 కొలమానాలకుగాను ఒక స్టోరుకి రిటర్న్‌ల రేటు రో లేదనుకోండి, ఇండెక్స్ ఉన్న 5నే లెక్కపెడుతుంది. 60 డిగ్రీలు కాస్తా 72 అవుతాయి, ఆ స్టోరు చుక్కలు పక్క అక్షాల వైపు జరుగుతాయి. ఎర్రర్ రాదు, బొమ్మ చక్కగానే కనిపిస్తుంది. అందుకే పట్టుకోవడం కష్టం.

కోణాన్ని మనమే బిగించాలి. 7 రోలతో చిన్న పట్టిక చేయండి: 1 నుంచి 6 దాకా ఒక్కో కొలమానం పేరు, 7లో మళ్లీ మొదటి పేరే. దీన్ని పేరు మీద అసలు డేటాతో జాయిన్ చేస్తే (కలిపితే) సరి. కోణం = 2 × పై × (నంబర్ − 1) ÷ 6. 7వ నంబర్‌కి పూర్తి 360 డిగ్రీలు వస్తాయి కాబట్టి గీత దానంతటదే మూసుకుంటుంది. ఎక్స్‌కి స్కోరు × ఆ కోణం సైన్, వైకి స్కోరు × కాస్. (స్కోరు అంటే కొలమానాన్ని టార్గెట్‌తో పోల్చి తీసిన అంకె, 1 అంటే టార్గెట్ అందినట్టు. లెక్క కింద ఉంది.) స్కూల్లో నేర్చినదానికి తిరగేసినట్టుంది గానీ, ఇలా పెడితేనే మొదటి అక్షం నిట్టనిలువుగా పైకి నిలబడి మిగతావి గడియారం దిశలో వస్తాయి. 2వ అక్షం మీద 0.8 స్కోరు ఉంటే చుక్క (0.693, 0.4) దగ్గర పడాలి. అది సరిపోతే మిగతావీ సరే. నంబర్‌ని డైమెన్షన్‌గా (కూడకుండా విడివిడిగా చూసే ఫీల్డ్‌గా) మార్చి, చుక్కలు కలిపే వరుస చెప్పే పాత్ మీద వేయండి. సమ్‌గా వదిలేస్తే స్టోరుకి ఒక్క చుక్కే మిగులుతుంది. మొదటి కొలమానం రెండుసార్లు వస్తుంది కనుక ఈ డేటా సోర్స్ నుంచి మొత్తాలు తీయొద్దు.

వెనకాల వలయాలకు 0.25, 0.5, 0.75, 1 స్కోర్లతో 28 రోలు (4 వలయాలు × 7) యూనియన్ చేస్తే, అంటే డేటా కింద చేరిస్తే చాలు. రెండు యాక్సిస్‌లనూ −1.3 నుంచి 1.3కి ఫిక్స్ చేసి, డ్యాష్‌బోర్డులో షీటుని చతురస్రంగా పెట్టాలి, లేదంటే వలయం ఒకవైపు సాగిపోతుంది. లోపల రంగు నింపాలంటే మార్క్ పాలిగాన్‌గా మార్చాలి, అప్పుడు లేబుల్ పెట్టే వీలు పోతుంది. డ్యూయల్ యాక్సిస్‌లో రెండో పొరగా లైన్ వేసి లేబుళ్లు దానికి తగిలించాలి.

స్కోరు లెక్క దగ్గర మినిమమ్-మ్యాక్సిమమ్ పద్ధతి (అతి తక్కువ విలువకి 0, అతి ఎక్కువకి 1 ఇచ్చేది) జోలికి పోకండి. 91 శాతం వచ్చిన స్టోరు, 93 వచ్చిన దాని పక్కన నేరుగా సున్నాకి పడిపోతుంది. టార్గెట్‌తో భాగించడమే న్యాయం. డెలివరీ రోజుల్లాంటి తక్కువైతే మేలైన వాటికి తిరగేయాలి: టార్గెట్ 3, పట్టింది 4 అయితే 0.75. టూల్‌టిప్‌లో మాత్రం అసలు రోజులే చూపించండి, 0.75 అంటే మేనేజర్‌కి ఏమర్థమవుతుంది?

ఇంత చేసినా బొమ్మ వైశాల్యాన్ని నమ్మకూడదు. మూడు అక్షాలు 1, మూడు 0.2 అనుకోండి. 1లన్నీ పక్కపక్కన పెడితే వచ్చే వైశాల్యం, ఒకటి విడిచి ఒకటి పెట్టినప్పటి కంటే రెట్టింపు దాటుతుంది. అంకెలు అవే, వరుసే మారింది. కాబట్టి వరుస ఒకసారి ఖాయం చేశాక నెలనెలా మార్చొద్దు, చార్ట్ మీద మూడు స్టోర్లకు మించి పెట్టొద్దు. పది స్టోర్లలో ఎవరు ముందో చెప్పమంటే మామూలు బార్ చార్టే ఇవ్వండి.