అరవై దాటినవాళ్లకు కోలాటం క్లాసు, కావలి: చేరొచ్చా?

కావలిలో మా కాలనీ రామాలయం ముందు సాయంత్రం పూట జరిగే కోలాటం క్లాసు సంగతి ఇది. అరవై దాటిన ఆడవాళ్లకు విడిగా ఒక బ్యాచ్ పెట్టారు. నెలకు 500 రూపాయలు. నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. పిల్లల చేత అభినయ గేయాలు ఆడించడమే గానీ నేనెప్పుడూ అడుగేసి ఎరగను. బీపీ ఉంది, ఎడమ మోకాలు అరిగింది.

ముందు మాస్టారి గురించి చెప్పాలి. నలభై కూడా దాటని మనిషి. ముసలోళ్లు గదా అని జాలి పడడు, నాకు నచ్చింది అదే. తప్పు కొడితే ఆపేసి, "ఏం పెద్దమ్మా, పొయ్యి ఎగదొయ్యడానికా కర్ర తెచ్చుకున్నేది?" అంటాడు. అందరం నవ్వుతాం, మళ్లీ మొదటి నుంచి. గెంతే అడుగులు మాత్రం మా బ్యాచ్‌కు తీసేశాడు. మోకాలు నొప్పిగా ఉన్నరోజు కుర్చీలో కూర్చుని పాటకు వంత పాడుతూ కర్రలు కొట్టమంటాడు. ఆ కుర్చీ లేకపోతే నేను ఎప్పుడో మానేసేదాన్ని.

ఒంటికి వ్యాయామం కోసమే అయితే క్లాసుకే రానక్కర్లేదు, ట్రంక్ రోడ్డు పక్కన నడిచినా సరిపోతుంది. కాకపోతే నడుస్తున్నంతసేపూ గ్యాస్ కట్టేశానా లేదా అనే ఆలోచనే. కోలాటంలో ఆ వీలుండదు. లోపలి వరస ఒక వైపు తిరుగుతుంది, బయటి వరస ఇంకో వైపు. దెబ్బదెబ్బకూ ఎదుటి మనిషి మారిపోతుంది. తాళం వినాలి, పల్లవి అందుకోవాలి, కోపు, అంటే అడుగులూ దెబ్బలూ వేసే వరస, ఎక్కడ మారుతుందో గుర్తుండాలి. జడ కోలాటమైతే మరీను. పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని ఒకరి లోపలి నుంచి ఒకరు పోతూ జడ అల్లాలి, మళ్లీ వెనక్కి తిరిగి విప్పాలి. ఒక్కరు దారి తప్పితే అందరి తాళ్లూ చిక్కుపడతాయి.

2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించారు. చదివేవాళ్లలో, బోర్డు ఆటలు ఆడేవాళ్లలో, వాద్యం వాయించేవాళ్లలో, డాన్సు చేసేవాళ్లలో డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, తక్కువగా కనబడింది. ఒళ్లు కదిపే పనుల్లో ఆ లిస్టులోకి ఎక్కింది డాన్సు ఒక్కటే. మతి బాగున్నవాళ్లే డాన్సుకు పోయుంటారేమో అని కూడా అనుకోవచ్చు, అందుకే మందులు మానేసి కర్రలు పట్టమని నేను చెప్పను.

ఈ క్లాసుకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఇంకో సంగతికి. కొన్ని కోపులు వచ్చాక మాస్టారు మమ్మల్ని నలుగురేసి జట్లు చేసి, మీ కోపు మీరే కట్టుకోండి అని వదిలేస్తాడు. మా జట్టులో ఒక పెద్దావిడ ఉంది, అల్లూరు వైపు మనిషి. వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె ఒక నాట్ల పాట ఎత్తుకుంది. నాటేవాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తారు కదా, మా కోపు కూడా వెనక్కే నడవాలని పట్టుబట్టింది. మాస్టారు వద్దంటే వద్దన్నాడు, పడతారని ఆయన భయం. "నలభై ఏళ్లు బురదలో వెనక్కి నడిచా నాయనా, సిమెంటు మీద పడతానా?" అంది. చివరికి రెండడుగులు వెనక్కి, ఒక వంగుడు, ఒక దెబ్బ అని ఒప్పందమైంది. ఇప్పుడు ఆ కోపు పక్క బ్యాచ్ వాళ్లకు నేర్పేది ఆవిడే.

ఇక బాగలేనివి. నేల సిమెంటుది, చెప్పుల్లేకుండా ఆడితే రాత్రికి మడమలు లాగేస్తాయి. నేను మెత్తటి సాక్సులు వేసుకుంటే జారింది, మీరు ఆ పని చెయ్యకండి. క్లాసు ఏడున్నరకు మొదలవుతుంది, షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు అది భోజనం వేళ. ఆరింటికి మార్చమని అడుగుతూనే ఉన్నాం. స్పీకర్ మోత సంగతి సరేసరి. అన్నిటికంటే నాకు కష్టమనిపించింది శ్రీరామనవమి ప్రదర్శన. అందరూ ఒకే రంగు చీర కొనాలన్నారు, 1,800 అయింది. పెన్షన్ లేనివాళ్లు ఏం చేస్తారు? పైగా ముందు వరసలో కుర్ర బ్యాచ్‌ను పెట్టి మమ్మల్ని వెనక్కి తోశారు. ఫొటోల్లో మా కర్రలే కనబడ్డాయి!

కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే తుంటి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడిగి చేరండి. మిగతావాళ్లు ఒకరోజు వచ్చి కూర్చుని చూడండి, దానికి డబ్బులేమీ తీసుకోరు. కర్రలు క్లాసులోనే అమ్ముతారు గానీ బరువెక్కువ, మణికట్టు పీకుతుంది. మా వదిన ఉదయగిరిలో గరిటెలు చెక్కే మనిషి చేత తేలిక కర్రతో ఒక జత చేయించి తెచ్చింది. నేనిప్పుడు వాటితోనే ఆడుతున్నా.